సైదాబాదు నల్లా - నల్లగొండ దాహము

సైదాబాదులో నల్లా తిప్పిన గృహస్థునకు ఆ నీరు ఎచటినుండి వచ్చుచున్నదో విచారింపవలసిన అవసరము సామాన్యముగా కలుగదు. నీరు వచ్చిననాడు విచారణ లేదు. రానినాడు మాత్రము జలమండలిని, ప్రభుత్వమును నిందించుట కలదు. మేము ఈ వ్యాసమున ఆ నీరు వచ్చిన దారిని పట్టి వెనుకకును, అది వాడబడి మురికియై పోవు దారిని పట్టి ముందునకును పోయి, ఆ రెండు దారులయందలి పల్లెల బ్రతుకుతెరువు ఏమైనదో చదువరులకు నివేదింపగోరుచున్నాము. భూవసతి గలవారికిని పట్టణవాసులకును ఇది సమానముగ సంబంధించిన విషయము. అన్న పల్లెలో పొలము చూచుకొనుచుండగా తమ్ముడు చంపాపేటలోనో సరూర్‌నగరులోనో ఇల్లు కట్టుకొని యుండుట మనవారి కుటుంబములలో సర్వసాధారణమైన దినములివి.

సైదాబాదు మొదట పల్లె. కుతుబ్‌షాహీల కాలమున పీష్వా పదవియందుండిన మీర్ మొమిన్ అస్త్రాబాదీ సైదాబాదు, మీర్‌పేట గ్రామములను నెలకొల్పెనని చరిత్రకారులు చెప్పుదురు. ఆ కాలమున ఊరు కట్టదలచినవాడు ముందుగా చెరువు సంగతి చూచుకొనెడివాడు. నేడు దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు అని మనము పిలుచుచున్న ప్రాంతమున ఒకనాడు చెరువుల క్రింది మాగాణియు, తోటలును, మెట్టచేలును ఉండెడివి. సరూర్‌నగరు చెరువు పదునేడవ శతాబ్ది పూర్వార్ధమున కట్టబడినది. మీర్‌పేటకు వేరొక చెరువు గలదు. ఇట్లు ఒకదాని మత్తడి దుమికిన నీరు మరియొకదానిలో పడునట్లు గొలుసుగా కట్టిన చెరువులు నిండిన పిమ్మట మిగులు నీరు మూసీనది చేరెడిది.

ఈ చెరువు అనునది నీటి తొట్టి మాత్రమే కాదను సంగతి పల్లె ఎరిగిన చదువరులకు మేము చెప్పనక్కరలేదు. అయినను పట్టణమున పుట్టి పెరిగిన పిన్నలకొరకు కొంత చెప్పవలసియున్నది. చెరువునకు నీరటి యుండెను. తూము ఎప్పుడెత్తవలయునో, ఏ మడికి ఎన్ని గడియలు నీరు పారవలయునో, మత్తడి దగ్గర ఎంత మట్టము నిలుపవలయునో వానికి తెలియును. వానికి ప్రభుత్వము జీతమీయలేదు. రైతు కళ్ళమున గింజలు కొలుచునపుడు వాని వంతు వానికి ముట్టెడిది. పంట పండిననే వానికి గింజ గనుక కట్టకు గండి పడకుండ చూచుట వాని పొట్టకు సంబంధించిన పని. కట్ట మరమ్మతులకై దశబంధ ఇనాములు గలవు. ముదిరాజులకు చేపలు, చాకలివారికి రేవు, కుమ్మరికి మన్ను, గొల్లవారికి మందల దాహము, చిన్న రైతునకు నీరు తీసిన పిదప శిఖములో ఒక పంట, వేసవిలో పూడిక తీసి చేనికి తోలుకొనుటకు బండెడు ఒండ్రు, ఇవి యన్నియు ఆ ఒక్క కట్టను ఆశ్రయించియుండెను. ఊరి బావులలో నీరు పైన నిలుచుటయు ఆ చెరువు పుణ్యమే. ఈ యేర్పాటు ధర్మరాజ్యమని మేము భ్రమపడుట లేదు. తలదాపు మడి పెద్దల చేతనుండెను, తుదిమడి బీదవాని పాలయ్యెను. కొన్ని కులములకు నీటి రేవే నిషిద్ధమయ్యెను. కాని చెరువు చెడినచో ఊరిలో ఎవనికిని తిండి లేదను నొక్క సంగతి అందరికిని తెలియును. ఆ యెరుకయే చెరువునకు కాపలా.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి హైదరాబాదును ముంచివేసిన పిదప నగరపు నీటిచరిత్ర మారినది. మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి ఎగువన వరదను పట్టుటకు 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును సిద్ధమయ్యెను. వరదను ఆపుటకు కట్టినవే నగరమునకు త్రాగునీటి నిచ్చెను. ఇది ఘనకార్యమనుటలో సందేహము లేదు. అయితే దీనివలన నొక ఫలితము ఎవరును కోరకయే కలిగినది. నీరు దూరమునుండి గొట్టములలో వచ్చునని తెలిసిన పట్టణమునకు ఇంటిముందరి చెరువుతో పని తప్పినది. పట్టణము తూర్పునకు పెరుగుచు వచ్చినకొలది సరూర్‌నగరు చెరువు క్రింది ఆయకట్టు ఇండ్ల స్థలములయ్యెను. ఆయకట్టు పోయినపుడు తూముతో పని పోయినది, తూముతో నీరటియు పోయెను. తుదకు చెరువునకు మిగిలినది కాలనీల మురుగునీరు మాత్రమే. 1990 ప్రాంతముల తరువాత వినాయక విగ్రహముల నిమజ్జనమును దీనికి చేరినది. 2003, 2004 సంవత్సరములలో దీనిని బాగుచేయుటకు కొంత ప్రయత్నము జరిగినది. కట్టమీద ఉద్యానము వెలసినది. ఉద్యానమున విహరించువానికి చెరువు కన్నులపండువుగా నుండినచో చాలును. దానిపై బ్రతుకు ఆధారపడినవాడు మాత్రము నీరు నోట బోసికొని చూచును. ఈ రెండు చూపులకును గల భేదము 2020 అక్టోబరు నెలలో తెలిసివచ్చినది. ఆ నెల 13వ తేదీన ఇరువదినాలుగు గంటలలో నగరమున 19 సెంటిమీటర్లకు పైగా, శివారులయందు కొన్నిచోట్ల 30 సెంటిమీటర్లకు పైగా వాన కురియగా, సరూర్‌నగరు చెరువు క్రింది కాలనీలు దినములతరబడి నీట మునిగినవి. నీరు తన పాత పొలములను వెదకికొనుచు వచ్చెను. పొలములు లేవు, పడకగదులు దొరికెను.

ఇక నల్లా దారి. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు చాలకపోగా 1965లో మంజీరా నీరును, తరువాత సింగూరు నీరును తెచ్చిరి. అదియు చాలక 2004లో కృష్ణనుండి నీరు తెచ్చుట ఆరంభమైనది. నాగార్జునసాగరు వెనుకనీటిని పుట్టంగండివద్ద ఎత్తి అక్కంపల్లి జలాశయమున నింపుదురు. అచటినుండి కోదండాపురమున శుద్ధిచేసి, నసర్లపల్లి, గోడకొండ్లలమీదుగా పంపులతో మెట్టుమెట్టుగా ఎత్తి, గున్‌గల్ చేర్చి, అచటినుండి ఎల్.బి.నగరు చెంత సాహెబ్‌నగరునకు దింపుదురు. నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. 2004, 2008, 2015 సంవత్సరములలో మూడు దశలుగా పూర్తియైన ఈ పథకమున దినమునకు 27 కోట్ల గ్యాలన్లు, సాలుకు సుమారు 16 టి.ఎం.సి.ల నీరు నగరమునకు వచ్చుచున్నది. సాహెబ్‌నగరు ఈ నీటికి నగరద్వారము. తూర్పు హైదరాబాదునకు గొంతు తడియుట ఈ ద్వారమునుండియే.

వ్యవసాయదారులైన చదువరులు ఈ లెక్కను తమ కొలతలో చూచుకొందురు గాక. ఒక టి.ఎం.సి. నీటితో ఆరుతడి పంటలు సుమారు పదివేల ఎకరములు పండునని మన ఇంజనీర్లు వాడుకగా చెప్పెడి లెక్క. ఆ లెక్కన నగరము త్రాగుచున్న కృష్ణనీరు లక్షన్నర ఎకరముల పైరు. త్రాగునీరు పైరునకు ముందు రావలయుననుటలో రెండవ మాట లేదు. కాని ఆ ముందు పీట దేనికి వేయబడుచున్నదో చూడవలయును గదా! మనిషి త్రాగునది కొన్ని లీటర్లు. తక్కినది స్నానము, వంట, బట్టలు, పాయిఖానా, కారు కడుగుట, వాకిట సిమెంటు తడుపుట. 2024 వేసవిలో నాగార్జునసాగరు నీటిమట్టము దిగిపోయి నగరమునకై అత్యవసరపు పంపులు పెట్టవలసివచ్చెను. ఆ యేటి యాసంగిలో సాగరు ఎడమకాలువ ఆయకట్టునకు పంట నీరు ఈయలేదు. ఒకే జలాశయపు అడుగునీటికై ఇద్దరు చేయిచాచినప్పుడు రైతు చేయి ముందుగా వెనుకకు తీయబడినది. నియమము ప్రకారము అది సరియే. అయితే ఆ త్యాగము చేసినవానికి కృతజ్ఞత చెప్పినవారిని మేము నగరమున చూడలేదు. త్యాగము జరిగినదని తెలిసినవారే అరుదు.

ఇంతకంటె బాధాకరమైన సంగతి మరియొకటి గలదు. ఈ గొట్టములు పోవుచున్న దారి నల్లగొండ మెట్టప్రాంతము. దేవరకొండ, మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మొదలగు ప్రాంతముల భూగర్భజలమున ఫ్లోరైడు ఎక్కువ. నేలక్రింది నల్లరాతిలోని ఖనిజములనుండి అది నీటిలో కరగును. నీరు ఎంతలోతున, ఎంతకాలము రాతిని అంటియుండునో అంతగా విషమెక్కును. త్రాగునీటిలో లీటరునకు ఒకటిన్నర మిల్లిగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయము. దానికి మించి ఏండ్లతరబడి త్రాగినచో మొదట పండ్లు గారకట్టును, పిదప ఎముకలు బిగిసికొనిపోయి నడుము వంగును, మెడ తిరుగదు, పిల్లల కాళ్ళు దొడ్డికాళ్ళగును. మనదేశమున ఈ వ్యాధిని మొట్టమొదట 1937లో నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో వైద్యులు గుర్తించి ప్రకటించిరి. నల్లగొండ ప్రాంతపు సంగతి 1945 నాటికే వైద్యపత్రికకు ఎక్కినది. 1975 ప్రాంతమున నాగపురమందలి పరిశోధనాసంస్థ పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తేర్చు పద్ధతిని కనిపెట్టి దానికి నల్లగొండ పద్ధతి యని పేరుపెట్టెను. ఊరి పేరు లోకమంతట వ్యాపించెను. ఊరికి నీరు మాత్రము రాలేదు.

వ్యాధి శరీరమునకు మాత్రమే గాక బ్రతుకుతెరువునకును తగిలినది. నడుము వంగినవాడు నాగలి పట్టలేడు, నాట్లకు పోలేడు. ముప్పది నలువది యేండ్లకే కూలి తప్పినది. పీడిత గ్రామముల పిల్లకు సంబంధము కుదురుట కష్టమాయెను. మరియు నీరు ఇంత చెడుటకు చెరువు చెడుటయు తోడ్పడినది. చెరువు నిండినకాలమున ఊరిబావి పైయూటతో నుండెను. చెరువులు పూడి, వాననీరు నిలువక, రైతు బోరుబావిని ఆశ్రయించెను; 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చిన తరువాత బోర్లు మరింత లోతునకు దిగెను. లోతునకు దిగినకొద్ది ఫ్లోరైడు. అప్పుచేసి వేసిన బోరు ఎండినచో పొలము పోవును, ఎండకున్నచో కొన్నియెడల ఎముకలు పోవును. ఇంతటి నిర్బంధము మరియే జిల్లా రైతుకైనను కలిగెనేమో మేమెరుగము.

ఈ ప్రజలు మిన్నకుండిరనుట పొరబాటు. జలసాధన సమితి ఊరూర తిరిగి వికలాంగులైన వారిని రాజధానికి తెచ్చి చూపెను. 1996 లోకసభ యెన్నికలలో నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచిరి. ఓటుపత్రమును పుస్తకముగా ముద్రింపవలసివచ్చెను. నీటికై ఇంతమంది పోటీచేసిన యెన్నిక ప్రపంచమున మరియొకటి జరిగినదో లేదో! అటు తరువాత ఎనిమిదేండ్లకు కృష్ణనీరు వారి పొలములప్రక్కనుండి గొట్టములలో హైదరాబాదు చేరినది. గొట్టముదారి పల్లెలకు అందులో కొంత నీరు పిదప కల్పింపబడినది. 2015 జూన్‌లో చౌటుప్పలున మిషన్ భగీరథ పైలాను నిలిపిరి, మరుసటి సంవత్సరము కోమటిబండలో పథకమును ప్రారంభించిరి. ఉమ్మడి నల్లగొండలో ఫ్లోరైడు పీడిత ఆవాసములు ఇక లేవని 2020లో ప్రభుత్వము ప్రకటించినది. శుద్ధజలము ఇంటింటికి చేరుట గొప్ప మేలు. క్రొత్తగా పుట్టిన పిల్లల ఎముకలు నిటారుగా నిలుచుట కంటె ఘనమైన సాక్ష్యము అక్కరలేదు. కాని ఈ నీరు కుండనింపును, కొలను నింపదు. శ్రీశైలమునుండి ఈ మెట్టకు సాగునీటిని తేవలసిన సొరంగము దశాబ్దములుగా సాగుచు, 2025 ఫిబ్రవరి 22న కూలి, ఎనిమిదిమంది కార్మికులు లోపల చిక్కుపడిన దుర్ఘటనతో మరల ఆగినది.

కనుక మనుష్యులును గొట్టములదారినే పట్టిరి. నాగార్జునసాగరు రాజమార్గము సైదాబాదు, చంపాపేటల చెంతకే వచ్చుచున్నది. దేవరకొండ తండాలనుండి వచ్చిన లంబాడీ కుటుంబములు సైదాబాదు సింగరేణి కాలనీ గుడిసెలలో నిలిచిరి. కొంత భూమి గలవారు ఎల్.బి.నగరు కాలనీలలో చేరిరి. తెల్లవారుజామున అడ్డామీద కూలికై నిలుచువారిని ఏ ఊరని అడిగి చూడవచ్చును. ఊరిలో సేద్యపునీరు లేక వచ్చినవాడు పట్టణములో మేస్త్రీ క్రింద పనిచేసి, తన చెరువునకు రావలసిన కృష్ణనీటితో పరుల ఇంటి సిమెంటు తడుపుచున్నాడు.

వాడబడిన నీరు ఏమగుచున్నదో ఇక చూతము. అది నాలాలలోబడి, అంబరుపేట, నాగోలు మొదలగు మురుగుశుద్ధి కేంద్రములలో కొంత శుద్ధియై, కొంత కాకయే మూసీ చేరును. 2021 నాటి లెక్కల ప్రకారము నగరమున దినమునకు సుమారు 195 కోట్ల లీటర్ల మురుగు పుట్టుచుండగా దానిలో 77 కోట్ల లీటర్ల శుద్ధికి మాత్రమే ఏర్పాటు గలదు. తక్కినదానికై 31 క్రొత్త కేంద్రములు తలపెట్టబడి, కొన్ని పనిచేయుచున్నవి. పీర్జాదిగూడ, పర్వతాపురము, ప్రతాపసింగారము, ఏదులాబాదు, పిల్లాయిపల్లి వరకు మూసీమీద గల కత్వలు ఈ నీటిని కాలువలకు మళ్ళించును. ఇచట చిత్రమేమనగా, వానకాలమున మాత్రమే పారెడి యేరు నగరపు మురుగు పుణ్యమున పండ్రెండు మాసములు పారుచున్నది. నగరమునకు దాపున వరి తగ్గి గడ్డి పెరిగినది. ఆ పచ్చగడ్డి మోపులు నగరపు బర్రెలదొడ్లకు పోవును, పాలై మరల నగరమునకే వచ్చును. గడ్డి కోసి అమ్ముకొని బ్రతుకు కుటుంబములు అనేకములు గలవు. భూమిలేని కూలికి సంవత్సరము పొడవున పని దొరకెడి చోటు ఇట్టిది అరుదు. ఆ లాభమునకు మూల్యమును గలదు. నీట దిగినవారికి చర్మరోగములు, బావులలో ఉప్పు, చేపలు పట్టి బ్రతికినవారికి వలలో నురుగు. మూసీని శుభ్రపరతుమని ప్రణాళికలు వేయువారు ఈ రైతును తలచుకొనుట లేదు. శుద్ధిచేసిన నీటిని పరిశ్రమలకు అమ్ముకొందుమని కొందరనుచున్నారు. మురుగు ఉన్నన్నినాళ్ళు రైతునకిచ్చి, శుద్ధియైననాడు మరియొకనికి అమ్ముట ఏ న్యాయశాస్త్రమున గలదో మాకు తెలియదు. శుద్ధియైన నీటికి మొదటి హక్కు కత్వ క్రింది ఆయకట్టుదారునిదని ప్రభుత్వము కాగితముమీద వ్రాసి యీయవలయును.

నగరవాసులకు అప్రియమైన సూచన నొకదానిని ఇచట చేయుచున్నాము. 2021 జనవరినుండి హైదరాబాదు నగరమున నెలకు ఇరువదివేల లీటర్ల వరకు గృహములకు నీరు ఉచితముగా ఇచ్చు పద్ధతి వచ్చినది. బీదలకు ఇది ఉపకారమే, దానిని తీసివేయుమని మేమనము. అయితే మేడలు గలవానికిని అదే ఉచితము, గుడిసెవానికిని అదే ఉచితమనుట సరియైన ధర్మమా? కృష్ణనీటిని అన్ని మెట్లు పంపులతో ఎక్కించుటకగు విద్యుత్తు వ్యయము ఎవరో భరించుచునే యున్నారు గదా. స్తోమత గల గృహములనుండి కొద్దిపాటి రుసుము తీసి, గొట్టముదారి గ్రామముల చెరువుల కట్టలు, తూములు, వాగుకాలువలు బాగుచేయుటకును, వరదకాలమున కృష్ణ మిగులునీటితో వానిని నింపుటకును వేరొక నిధిగా నుంచినచో నగరము తన ఋణమున కొంతయైనను తీర్చుకొన్నట్లగును. ఇది మేము కల్పించిన వింత కాదు. అమెరికాలోని న్యూయార్కు నగరము 1997లో తన నీటికి మూలమైన కొండప్రాంతపు గ్రామములతో ఒడంబడిక చేసికొని, అచటి రైతులు నీటిని చెడగొట్టకుండ సేద్యము సాగించుటకు తన సొమ్ము వెచ్చించుచున్నది. అందువలన కోట్ల వ్యయమగు వడపోత యంత్రశాల దానికి తప్పినది.

చెరువులను బాగుచేసినచో ఫలితమేమని అడుగువారు గలరు. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద నలువదియారు వేలకు పైగా చెరువులు లెక్కకెక్కెను. పూడిక తీసినచోట ఒండ్రు చేలకు పోయినది, వానలు కురిసిన సంవత్సరములలో బావులు లేచినవి. అయితే తవ్వించిన గుత్తేదారు వెళ్ళిపోయిన తరువాత చెరువును చూచువాడెవడను ప్రశ్నకు ఆ పథకము సమాధానము చెప్పలేదు. నీరటిని మరల నిలుపవలెను, ఈ మారు కులమునుబట్టి గాక ఆయకట్టుదారులును, చేపలవారును, పశువులు గలవారును కలిసి యెన్నుకొన్నవానిని. వాని జీతము ఆ నిధినుండి రావచ్చును. పట్టణములోను ఆశ పూర్తిగా వదలుకొనదగదు. మూసీకి ఆవలి గట్టున అంబరుపేటలో, పూడ్చివేయబడిన బతుకమ్మకుంటను 2025లో త్రవ్వగా నేలలోనుండి నీరు పైకుబికి వచ్చెను. ఆ యేడాదియే అది మరల కుంటయైనది. సరూర్‌నగరు చెరువులో పడుచున్న మురుగును మళ్ళించుటకు దానికంటె గొప్ప విద్య అక్కరలేదు. కాలనీల నాలాలను శుద్ధికేంద్రమునకు కలుపుటయు, వాననీటి కాలువలను మురుగుకాలువలనుండి వేరుచేయుటయు చాలును.

నల్లగొండ పల్లెలకు భగీరథ నీరు వచ్చుచుండగా ఇంక ఈ గోల యెందులకని కొందరు మిత్రులు అడిగినారు. గొట్టము పగిలిననాడు, పంపు చెడిననాడు, వేసవిలో వంతు తప్పిననాడు ఆ పల్లెలలో ఇంటి ఆడువారు బిందె తీసికొని పోవునది పాత బోరింగు దగ్గరికే. కావున ఏ ఆవాసమునకు ఏ దినమున ఎన్ని గంటలు నీరు వచ్చినదో, ఆ నీటిలో ఫ్లోరైడు ఎంతయున్నదో నెలనెలకు గ్రామపంచాయితీ గోడమీద వ్రాయించుటకు ప్రభుత్వము వెంటనే ఉత్తరువు చేయవలయును. అదే పట్టికను సాహెబ్‌నగరు జలాశయము దగ్గరను, సైదాబాదు జలమండలి కార్యాలయముననుగూడ కట్టించినచో బిల్లు చెల్లింపవచ్చినవారు చదువుకొందురు. వచ్చు వేసవికి ముందుగానే ఈ పని జరుగవలయునని మేము కోరుచున్నాము.